లూయిస్ కాన్ మాటలు ఏ పుస్తకంలో చదవాలి? ఏది కొనాలి, ఏది అరువు తెచ్చుకోవాలి

అమెరికన్ ఆర్కిటెక్ట్ లూయిస్ కాన్ మాటలున్న అయిదు పుస్తకాల సంగతి ఇది. ముందు జవాబు చెప్పేస్తాం. ఒక్క పుస్తకానికే డబ్బు ఉంటే రాబర్ట్ ట్వాంబ్లీ సంపాదకత్వంలో వచ్చిన ‘లూయిస్ కాన్: ఎసెన్షియల్ టెక్స్ట్స్’ కొనండి. అలెసాండ్రా లాటూర్ సంపుటిని లైబ్రరీ ద్వారా తెప్పించుకుని చదవండి. జాన్ లోబెల్ పుస్తకం ఎంత అందంగా కనిపించినా దాన్ని మొదటిదిగా తీసుకోకండి. రిచర్డ్ సాల్ వర్మన్ పెద్ద పుస్తకం పరిశోధన చేసేవాళ్ళకే. మిగిలిందంతా ఎందుకు అన్నదానికి సమాధానం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో గీతంలోనో ఆర్కిటెక్చర్ చదువుతూ, ప్రొఫెసర్ నోట పదిసార్లు కాన్ పేరు విని, పుస్తకం కోసం వెతకడం మొదలుపెట్టినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాం.

కాన్ విషయంలో ఎంపిక ఎందుకు కష్టమంటే, ఆయన రాసినదానికంటే మాట్లాడిందే చాలా ఎక్కువ. 1901లో పుట్టి 1974 మార్చిలో, అహ్మదాబాద్ నుంచి ఇంటికి వెళ్తూ న్యూయార్క్ రైల్వే స్టేషన్‌లో పోయారు. యేల్‌లో, పెన్సిల్వేనియాలో పాఠాలు చెబుతూ, ఊరూరా ఉపన్యాసాలిస్తూ పోయిన మనిషి. ఆ మాటల్ని ఎవరో టేపులో ఎక్కించారు, ఎవరో టైపు చేశారు, ఇంకెవరో పత్రికకు సరిపడేలా కత్తిరించారు. అంటే మనం చదివే ప్రతి ‘కాన్ రచన’ మీదా కనీసం ఒక సంపాదకుడి చెయ్యి పడింది. ఒకరు సగంలో ఆగిన వాక్యాన్ని అలాగే ఉంచారు, ఒకరు పూర్తిచేశారు, ఒకరు పద్యపాదాల్లా విరిచారు. పుస్తకం ఎంచుకోవడమంటే ఆ చేతుల్లో ఏది కావాలో ఎంచుకోవడమే.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ఆయన వాడిన మాటల అర్థం ఏళ్ళు గడిచేకొద్దీ మారింది. యేల్ పత్రిక ‘పర్‌స్పెక్టా’ మూడో సంచికలో, 1955లో వచ్చిన ‘ఆర్డర్ ఈజ్’ అనే చిన్న రచనలో ఫామ్ అనేది నిర్మాణపద్ధతిలోంచి పుడుతుంది అంటారు. అయిదేళ్ళ తర్వాత, 1960లో వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో కోసం చేసిన ‘ఫామ్ అండ్ డిజైన్’ ప్రసంగంలో అదే ఫామ్‌కి ఆకారమూ లేదు, కొలతలూ లేవు. అది నిర్మాణానికి ముందే ఉంటుంది. మాట ఒకటే, అర్థం మటుకు తలకిందులైంది. తేదీ లేకుండా ఈ రెండు వాక్యాల్నీ పక్కపక్కన చదివితే ‘ఈయన పొంతన లేకుండా మాట్లాడతాడు’ అనిపిస్తుంది. తేదీలతో చదివితే ఒక మనిషి ఆలోచన మలుపు తిరగడం కళ్ళకు కడుతుంది. అందుకే మా మొదటి గీటురాయి ఇది: ప్రతి పాఠం దగ్గరా ఏడాది, సందర్భం ఉన్నాయా లేదా?

ఆ ప్రసంగంలో గరిటె గురించి చెప్పిన ముక్క ఒకటుంది. ‘స్పూన్’ అన్నామంటే రెండు విడదీయలేని భాగాలు ఉండాలి: పిడి, గుంట. అది ఫామ్. ‘ఒక స్పూన్’ అన్నామంటే వెండిదా, చెక్కదా, పెద్దదా, చిన్నదా, లోతు ఎంత అన్నవి వస్తాయి. అది డిజైన్. తెలుగువాడికి ఇది ఇంకా తేలిగ్గా అందుతుంది, ఎందుకంటే మన వంటింట్లో పప్పు గరిటె, నూనె గరిటె, చిల్లుల గరిటె, అట్లకాడ వరసగా వేలాడుతుంటాయి. పప్పు గరిటెకీ నూనె గరిటెకీ గుంట లోతు వేరు, పిడి పొడవు వేరు, అయినా రెండూ గరిటెలే. చిల్లుల గరిటెకి గుంట ఉన్నా నీళ్ళు నిలవవు. అట్లకాడకి గుంటే లేదు, అందుకే దాన్ని గరిటె అనం, కాడ అంటాం. కాన్ అడిగే ప్రశ్న సరిగ్గా అక్కడిదే: ఏది తీసేస్తే ఆ వస్తువు ఆ వస్తువు కాకుండా పోతుంది? ఈ ముక్కని ఒక్క వాక్యానికి కుదించి ‘ఫామ్ అంటే ఏమిటి, డిజైన్ అంటే ఎలా’ అని పోస్టర్ మీద వేస్తే చదువరికి దక్కేది చాలా తక్కువ. చుట్టూ ఉన్న రెండు పేజీలు కావాలి.

ఇక పుస్తకాలు ఒక్కొక్కటీ.

ట్వాంబ్లీ పుస్తకం 2003లో నార్టన్ ప్రచురించింది. ఏరిన పాఠాలు, ముందు సంపాదకుడి పరిచయ వ్యాసం. ట్వాంబ్లీ చరిత్రకారుడు, అందుకే కాన్‌ని గురువుగా కొలవడు, సందర్భం చెప్పి పక్కకు తప్పుకుంటాడు. పేపర్‌బ్యాక్, చేతిలో ఇముడుతుంది, అయిదింటిలో తేలిగ్గా దొరికేదీ ఇదే. లోటు: బొమ్మల కోసం చూసేవాళ్ళకు నిరాశ తప్పదు. ప్లాన్లూ సెక్షన్లూ దీని పని కాదు.

లాటూర్ సంపుటి ‘రైటింగ్స్, లెక్చర్స్, ఇంటర్వ్యూస్’, రిజ్జోలి 1991. దాదాపు 350 పేజీలు. అసలు ‘సమగ్ర’ అనే మాటకు దగ్గరగా వచ్చేది ఇదే. స్కెచింగ్ మీద 1931లో రాసిన చిన్న వ్యాసం దగ్గర్నుంచి చివరి ఏళ్ళ దాకా కాలక్రమంలో సాగుతుంది. పైన చెప్పిన మాటల మలుపు పట్టుకోవాలంటే దీనికి సాటి లేదు. చిక్కల్లా దొరకడంలోనే: ముద్రణ ఆగి చాలాకాలమైంది, సెకండ్ హ్యాండ్ ధరలు విద్యార్థికి అందవు. ఒకటే కథ, ఒకటే ఉపమానం నాలుగు ఉపన్యాసాల్లో తిరిగి రావడం కొందరికి విసుగు. మాకు అదే దీని విలువ అనిపిస్తుంది: ఒకే కథ 1961లో ఎలా చెప్పారు, 1971లో ఏం వదిలేశారు అని పోల్చుకోవచ్చు.

వర్మన్ పుస్తకం ‘వాట్ విల్ బీ హాజ్ ఆల్వేస్ బీన్’, 1986. వర్మన్ కాన్ శిష్యుడు, ఆయన దగ్గర పనిచేసినవాడు. టేపుల్లోని మాటని వీలైనంతవరకు దిద్దకుండా దించిన పుస్తకం ఇది. పెద్ద సైజు, పుట నిండా అక్షరాలు. తడబాట్లు, మళ్ళీ మొదలుపెట్టడాలు, సగంలో ఆగిన ఆలోచనలు అన్నీ ఉంటాయి. ఇంగ్లీషు చదవడం ఇంకా సాఫీగా సాగనివాళ్ళు దీన్ని మొదట పట్టుకుంటే మూడో పేజీలో మూసేస్తారు, తప్పు తమదే అనుకుంటారు కూడా. తప్పు వాళ్ళది కాదు. మాట్లాడిన మాటకి గొంతు తోడుంటేనే అర్థం. దించిన అక్షరంలో గొంతు ఉండదు. థీసిస్ రాసేవాళ్ళు మాత్రం ట్వాంబ్లీలో చదివిన వాక్యం అసలు ఎలా పలికారో సరిచూసుకోవడానికి దీన్ని వెతుక్కోవాలి.

లోబెల్ పుస్తకం ‘బిట్వీన్ సైలెన్స్ అండ్ లైట్’, శంభాలా 1979. లోబెల్ పెన్సిల్వేనియాలో చదువుకున్నవాడు. మొదటి సగంలో కాన్ మాటల్ని ఏరి, పాదాలుగా విరిచి, ఫొటోల పక్కన పెట్టారు. రెండో సగంలో కట్టడాల మీద వ్యాఖ్య. చూడగానే మనసు లాగేది ఇదే, బహుమతిగా ఇచ్చేదీ ఇదే. మా అభ్యంతరం సూటిగా చెబుతాం. ఎక్కడెక్కడో పలికిన మాటలు ఇందులో ఒకే గొంతులా వినిపిస్తాయి, ఆ విరుపుల్లో ప్రతి వాక్యమూ ఉపనిషద్వాక్యంలా కనిపిస్తుంది. మన దగ్గర ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ‘నిశ్శబ్దం’, ‘వెలుగు’ అనగానే మనకి ధ్యానం గుర్తొస్తుంది, తల ఊపేస్తాం. ఆ మాట వెనక ఒక కిటికీ సమస్య, ఒక డక్టు సమస్య, ఒక క్లయింటు కమిటీ ఉన్నాయని తెలియకుండానే పుస్తకం అయిపోతుంది. ట్వాంబ్లీ చదివాక లోబెల్ తీస్తే ఈ నష్టం ఉండదు, ఫొటోలు రెట్టింపు పలుకుతాయి.

అయిదోది చిన్న పుస్తకం, ‘కాన్వర్సేషన్స్ విత్ స్టూడెంట్స్’. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం 1969లో వేసింది, 1998లో ప్రిన్స్‌టన్ ఆర్కిటెక్చరల్ ప్రెస్ మళ్ళీ వేసింది. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. విద్యార్థులు ప్రశ్నలడుగుతారు, ఆయన జవాబిస్తారు. ప్రశ్న ఎదురుగా ఉండటంతో జవాబు ఎక్కడికి పోతోందో పోల్చుకోవచ్చు. ట్వాంబ్లీ కొనే స్తోమత కూడా ఇప్పుడు లేకపోతే, మొదటి మెట్టుగా దీనికే మా ఓటు.

అయిదింటికీ వెలుపల ఒకటి చెప్పి తీరాలి. 1969 ఫిబ్రవరి 12న జ్యూరిక్‌లోని ఈ.టి.హెచ్. సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఇచ్చిన ‘సైలెన్స్ అండ్ లైట్’ ఉపన్యాసాన్ని పార్క్ బుక్స్ 2013లో ఆడియోతో కలిపి వేసింది. అక్షరం పక్కన పెట్టుకుని గొంతు వినడం చాలా తేడా చేస్తుంది. ఎక్కడ ఆగుతున్నారో విన్నాక వర్మన్ పుస్తకం కూడా కొరుకుడుపడుతుంది. అలాగే, మీకు కావలసింది మాటలు కాక డ్రాయింగులైతే ఈ సంపుటాలేవీ వద్దు. హైంజ్ రోనర్, శరద్ ఝవేరీ కూర్చిన ‘కంప్లీట్ వర్క్ 1935–1974’ చూడండి.

ఏ సంపుటి చేతికొచ్చినా కొనేముందు విషయసూచిక తెరిచి కొన్ని పేర్లు వెతకండి. అమ్మేవాడిని ఆ పేజీ ఫొటో పంపమనండి, పంపుతారు. 1944 నాటి ‘మాన్యుమెంటాలిటీ’ (ఇందులో కాన్ ఇటుక గురించి కాదు, వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టాల గురించి కలలు కంటారు), ఫిలడెల్ఫియా రాకపోకల మీద 1953 నాటి వ్యాసం, ‘ఆర్డర్ ఈజ్’, ‘ఫామ్ అండ్ డిజైన్’, 1961 పర్‌స్పెక్టా ఏడో సంచికలోని సంభాషణ, 1971 నాటి ‘ద రూమ్, ద స్ట్రీట్ అండ్ హ్యూమన్ అగ్రిమెంట్’. ఈ ఆరింటిలో నాలుగుంటే ఆ సంపుటి మీ పనికొస్తుంది. ‘ఫామ్ అండ్ డిజైన్’ లేకపోతే మిగతావి ఎన్నున్నా మొదటి పుస్తకంగా వద్దు.

విశాఖ చదువరికి ఈ ఆరింటిలో రెండు సొంత ఊరి మాటల్లా ఉంటాయి. 1961 సంభాషణలో లువాండా గురించి చెబుతారు. అంగోలా తీరంలో అమెరికా కాన్సులేట్ కోసం వేసిన ఆ డిజైను కట్టడం దాకా పోలేదు. అక్కడ ఎండలో పనిచేసేవాళ్ళు వీధివైపు కాక గోడవైపు తిరిగి కూర్చోవడం ఆయన గమనించారు. ఇళ్ళలోనూ అంతే: కుర్చీ గోడవైపు తిప్పి, గోడమీద పడి తిరిగొచ్చే వెలుగులో పని చేసుకుంటారు. కిటికీలోంచి ఆకాశం సూటిగా కనిపిస్తే దాని పక్క గోడంతా నల్లగా కనిపిస్తుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకే కిటికీకి ఎదురుగా, కొంత దూరంలో, కన్నాలున్న మరో గోడ లేపాలనుకున్నారు. పైన కూడా వానకి ఒక కప్పు, దానికి ఎడంగా ఎండకి మరో కప్పు. మధ్యలో గాలి ఆడుతుంది. ఇది చదివి మన బీచ్ రోడ్డు మీద తూర్పు ముఖంగా నిలువెత్తు అద్దాలు బిగించిన ఫ్లాట్లు చూడండి. పొద్దున సూర్యుడు ఒకవైపు, సముద్రం మీంచి తిరిగొచ్చే వెలుగు ఒకవైపు. పది దాటేదాకా కర్టెన్లు మూసే ఉంటాయి, సముద్రం కోసం కొన్న ఇంట్లో సముద్రం కనబడదు. పుస్తకాన్ని ఇలా చదివితేనే ఉపయోగం.

రెండోది ఫిలడెల్ఫియా వ్యాసం. ఎక్స్‌ప్రెస్‌వేలు నదుల్లాంటివి, నదులకి హార్బర్లు కావాలి; లోపలి వీధులు కాలవల్లాంటివి, వాటికి డాకులు కావాలి అంటారు. నగరం నడిబొడ్డు అంచున పార్కింగ్ టవర్లు పెట్టి కారుని అక్కడ ఆపెయ్యాలన్నది ఉద్దేశం. ఎక్కడివాళ్ళకో ఇది ఉపమానం కావచ్చు. డాల్ఫిన్స్ నోస్ పక్క కాలవలోంచి ఓడ ఇన్నర్ హార్బర్‌లోకి రావడం చూసినవాళ్ళకి, వేగంగా వచ్చేది ఎక్కడ ఆగాలి, ఎక్కణ్ణుంచి నెమ్మదిగా కదలాలి అన్నది చెప్పక్కర్లేదు. జగదాంబ జంక్షన్‌లో సాయంత్రం ఆరింటికి నిలబడి ఈ వ్యాసం గుర్తుచేసుకోండి.

భాష గురించి. కాన్ ఇంగ్లీషులో కష్టమైన మాటలు తక్కువ, మామూలు మాటలకి మామూలు కాని అర్థాలు ఎక్కువ. నిఘంటువు పట్టుకుంటే దారి తప్పుతారు. ‘ఫామ్’ని ‘ఆకారం’ అని రాసుకుంటే 1960 తర్వాతి పాఠమంతా తప్పుగా అర్థమవుతుంది. ‘స్వరూపం’ కొంత నయం. ‘ఆర్డర్’కి ‘క్రమం’ చాలదు. మన భాషలో ‘నిప్పు ధర్మం కాల్చడం, నీటి ధర్మం పల్లానికి పారడం’ అంటాం చూశారా, ఆ ధర్మం దగ్గరగా వస్తుంది. ‘ఇటుకా, నీకేం కావాలి?’ అని అడిగితే ‘నాకు ఆర్చి ఇష్టం’ అందనే ప్రసిద్ధ కథ ఇటుక ధర్మం గురించే. ఆర్చికి ఖర్చవుతుంది, నీ మీద కాంక్రీటు లింటెల్ వేస్తానంటే కూడా ఇటుక మాట మార్చదు. ‘సర్వెంట్ స్పేస్’కి (ముఖ్యమైన గదులకి సేవచేసే చోటుకి) మాత్రం తెలుగు వెతకక్కర్లేదు, మెట్లు, బాత్రూములు, డక్టులు అని మనసులో అనుకుంటే చాలు.

రాచెస్టర్‌లో ఆయన డిజైన్ చేసిన యూనిటేరియన్ చర్చి గురించి ‘ఫామ్ అండ్ డిజైన్’లో ఉన్న భాగం కష్టంగా అనిపిస్తే సింహాచలం గుర్తుచేసుకోండి. మధ్యలో చదరం, అందులో ఒక ప్రశ్నార్థకం: అది ప్రార్థనామందిరం. దాని చుట్టూ లోపలికి పోవడానికి ఇంకా సిద్ధపడనివాళ్ళు తిరిగే దారి. దాని చుట్టూ వరండా, ఆ పైన బడి. గర్భగుడి, ప్రదక్షిణ, మండపం తెలిసినవాడికి ఆ గీత ఒక్క చూపులో అందుతుంది. చివరికి కట్టినది గీసినట్టు వలయాలుగా లేదు. అయినా మధ్యన మందిరం, చుట్టూ గదులు అన్నది నిలిచింది. ఫామ్ నిలిచి డిజైన్ మారడమంటే అదే.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. ఇవి డీటెయిల్స్ నేర్పే పుస్తకాలు కావు. ఇటుక కథ చదివిన ఉత్సాహంలో, ఆయన డిజైన్ చేసిన ఐ.ఐ.ఎం. అహ్మదాబాద్ ఫొటోలు చూసి, అక్కడి ఆర్చి-కాంక్రీటు టై జంటని తెచ్చి రుషికొండ దగ్గర స్టూడియో ప్రాజెక్టులో పెట్టేస్తారు. టై అంటే ఆర్చి రెండు కాళ్ళనీ కలిపి పట్టే కాంక్రీటు దూలం. దాని లోపలి ఉక్కే ఆర్చి బయటికి తోసే తోపుని పట్టి ఉంచుతుంది. ఉప్పుగాలికి ఉక్కు తుప్పుపట్టి ఉబ్బితే దాని మీది కాంక్రీటు పొర, అంటే కవర్, పగులుతుంది, పగుల్లోంచి తేమ ఇంకా లోపలికి పోతుంది, పట్టు సడలుతుంది. కాంక్రీటుకి మన దేశ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం తీరవాతావరణానికి తెరిచి ఉన్న కాంక్రీటు ‘సివియర్’ కింద వస్తుంది: కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు, కవర్ 45 మిల్లీమీటర్లు. కెరటాల తుంపర తగిలేచోట ‘వెరీ సివియర్’: ఎం35, 50 మిల్లీమీటర్లు. పూత లేని ఇటుక గోడకైతే ముందు బాగా ఆరిన ఇటుకని తూచి, 24 గంటలు నానబెట్టి మళ్ళీ తూచండి. మామూలు తరగతులకి ఇటుకల ప్రమాణం ఐ.ఎస్. 1077 బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదంటుంది. ఎక్కువ పీలిస్తే లోపలి లవణాలు తెల్లగా బయటికొచ్చి, ఇటుక ముఖం పెచ్చులూడుతుంది. కాన్ మాటలు ఏం అడగాలో నేర్పుతాయి. ఎన్ని మిల్లీమీటర్లు అన్నది కోడ్ చెప్పాలి.

దొరకడం విషయానికొస్తే, మీ కళాశాల లైబ్రరీకి డెల్‌నెట్ (లైబ్రరీలు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్) సభ్యత్వం ఉందేమో అడగండి. ఉంటే లాటూర్, వర్మన్ పుస్తకాల్ని మరో సంస్థ నుంచి తెప్పించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. పేరు ఒక్కటే రాస్తే గందరగోళం. సంపాదకుడి పేరు, ప్రచురణకర్త, ఏడాది మూడూ రాయండి. కాన్ మీద పుస్తకాలు చాలా ఉన్నాయి, ‘లూయిస్ కాన్’ అని రాస్తే ఫొటోల పుస్తకం వస్తుంది. నెట్‌లో ఉచితంగా తిరిగే పీడీఎఫ్‌ల జోలికి పోకండి. మన చట్టంలో రచయిత పోయిన ఏడాది ముగిసిన దగ్గర్నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి, అంటే కాన్ బతికుండగా అచ్చయినవాటి మీద 2034 చివరిదాకా. పైగా ఆ స్కాన్లలో పేజీలు ఎగిరిపోతాయి, తేదీ ఉన్న పుట పోతే పైన చెప్పిందంతా వృథా.

సెకండ్ హ్యాండ్ కొంటే మూడు ఫొటోలు అడగండి: వెన్ను, విషయసూచిక, మధ్యలో తెరిచిన పుట. పెద్ద పేపర్‌బ్యాక్‌లో వెన్ను జిగురు ముందు పోతుంది. ‘ఎక్స్-లైబ్రరీ’ అని ఉంటే ముద్రలు, అతికించిన జేబు ఉంటాయి, చదవడానికి అడ్డం కాదు, ధర తగ్గుతుంది. ఇంటికి చేరాక మన ఊరి తేమ సంగతి చూసుకోవాలి. ఫొటోలున్న ఆర్ట్ పేపర్ పుస్తకం చెమ్మ పీల్చి, బిగుతుగా పేర్చిన వరసలో ఉంటే పుటలు అంటుకుంటాయి. లాగితే బొమ్మ ఊడి ఎదుటి పుటకి పోతుంది. బయటి గోడకి రెండు మూడు అంగుళాలు ఎడంగా, వదులుగా నిలబెట్టండి. అక్టోబరు, నవంబరు వానల్లో బీరువాలో సిలికా జెల్ పొట్లాలు ఉంచి, అవి తేమ పీల్చేశాక మార్చండి. పుస్తకాన్ని మాత్రం ఎండలో పెట్టకండి, ఫ్యాన్ కింద నిలువుగా కొద్దిగా తెరిచి పెడితే చాలు.